కార్డు ఊళ్లో, కడుపు వలసలో: పాలమూరు పడమటి తండాల్లో ఒక ఇంటి తిండి లెక్క

పాత పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి విడిపోయిన నారాయణపేట జిల్లా కోస్గి, మద్దూరు, దామరగిద్ద మండలాల తండాల నుంచి దసరా దాటాక బండ్లు కదులుతాయి. కొందరు ముంబై, పుణెల్లో కట్టడం పనులకు, కొందరు మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటకల్లో చెరుకు కోతకు పోతారు. మళ్లీ ఊరి మొహం చూసేది ఉగాది తర్వాతే. రేషన్ సరిగా అందని ఇళ్ల తరఫున కేసులు, దరఖాస్తులు రాసేవాళ్ల కోసం ఇక్కడ విప్పి చూపుతున్నది చెరుకు కోతకు పోయే ఇంటి లెక్క. ఇది ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. ఈ మండలాల్లో పదే పదే ఎదురయ్యే చిక్కులన్నీ ఒక నమూనా ఇంట్లోకి తెచ్చి, రూపాయల కన్నా ముందు కిలోల్లో కట్టిన లెక్క. ధరలు ఏటా మారతాయి. కడుపుకు కావాల్సిన కిలోలు మారవు.

ఇల్లు, అవసరం

ఇంట్లో ఐదుగురు. 65 దాటిన ముసలమ్మ, ఆమె కొడుకు, కోడలు, 11 ఏళ్ల బిడ్డ, 8 ఏళ్ల పిల్లగాడు. వాన మీద ఆధారపడ్డ మూడెకరాల చెల్క ఉంది. అందులో కంది, పత్తి వేస్తారు. ఒకప్పుడు ఇదే చెల్కలో జొన్న, సజ్జ, కొర్ర, తైదలు పండేవి. గటకకు, రొట్టెకు ఇంటి గింజే ఉండేది. ఇప్పుడు చేనులో పండేది అమ్మడానికి, తినేది కొనడానికి. ఈ ఒక్క మార్పుతో ఇంటి తిండి మొత్తం రెండు గుమ్మాల దగ్గరికి చేరింది: రేషన్ షాపు, కిరాణా కొట్టు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ గతంలో ఇచ్చిన సమతులాహార పట్టికలో గింజల కొలత మనిషి చేసే పనిని బట్టి ఉంది. బరువు పని చేసే మగవాళ్లకు రోజుకు 600 గ్రాములు, ఆడవాళ్లకు 480. కూర్చుని చేసే పనైతే ఆడవాళ్లకు 270. 10–12 ఏళ్ల ఆడపిల్లకు 240, 7–9 ఏళ్ల పిల్లలకు 180. మన ఇంటికి కలిపితే రోజుకు 1,770 గ్రాములు, నెలకు 53 కిలోలు. పప్పు, నూనె, కూరగాయలు వేరే. అవి సరిపడా దొరకని ఇంట్లో గింజలే ఇంకా ఎక్కువ పడతాయి.

తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు మనిషికి నెలకు 6 కిలోల బియ్యం. ఇందులో 2013 ఆహార భద్రతా చట్టం కింద కేంద్రం ఇచ్చేది 5 కిలోలు, పైన ఒక కిలో రాష్ట్రానిది. ఐదుగురికి 30 కిలోలు రావాలి. అన్నీ సవ్యంగా ఉన్నా ఇంకో 23 కిలోలు కొనక తప్పదు. కాగితం మీద బాగా కనిపించే కార్డు ఉన్న ఇంట్లోనూ ఆకలి మొదలయ్యేది ఈ 23 దగ్గరే.

మన నమూనా ఇంటికి 30 కూడా రాదు. కార్డులో ఉన్నవి రెండే పేర్లు, ముసలమ్మవి, కొడుకువి. అంటే 12 కిలోలు.

ఆ మూడు పేర్లు ఎక్కడికి పోయాయి

కోడలి పేరు పెళ్లప్పటి నుంచి తల్లిగారి కార్డులోనే ఉంది. అక్కడ తీసేస్తేనే ఇక్కడ చేర్చుతారు. తీసేసిన తర్వాత చేర్పుల దరఖాస్తు కదలకపోతే రెండు చోట్లా ఉండదు. అందుకని తల్లిగారి వాళ్లే ఆ కోటా ఎత్తుకుంటూ ఎప్పుడో పండక్కి వచ్చినప్పుడు ఇంత బియ్యం కట్టిస్తారు. పిల్లలిద్దరి పేర్లు ఏ కార్డులోనూ లేవు.

ఇది ఈ ఇంటి నిర్లక్ష్యమని కొట్టిపారేస్తే కేసు అర్థం కాదు. 2014 తర్వాత రాష్ట్రంలో కొత్త కార్డులు, చేర్పులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. 2021లో కొన్ని ఇచ్చారు. పెద్ద ఎత్తున మళ్లీ మొదలైంది 2025 జులైలో. ఆ మధ్య పుట్టిన పిల్లలు, కాపురానికి వచ్చిన కోడళ్లు లెక్కలోకి రాలేదు. దీనికి పైన ఇంకో తాళం కూడా ఉంది. కేంద్రం తెలంగాణలో సుమారు 1 కోటి 91 లక్షల మందికి మాత్రమే గింజ ఇస్తుంది. ఆ సంఖ్య 2011 జనాభా లెక్కల మీద కట్టింది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి సంఖ్య అక్కడే నిలిచిపోయింది. ఆ పరిమితి దాటినవాళ్లకు రాష్ట్రం తన ఖర్చుతో ఇస్తోంది. అది మంచిదే. కానీ దానివల్ల కార్డులు రెండు రకాలయ్యాయి, ఆ తేడా కార్డు పట్టుకున్నవాళ్లకు తెలియదు. ఈ తేడా ఎక్కడ కాటేస్తుందో కింద వస్తుంది.

కార్డు ఉన్నది కాస్తా పోవడం ఇంకో రకం. 2016లో రాష్ట్రంలో లక్షల కార్డులు కంప్యూటర్ సరిపోల్చి రద్దు చేసింది. వాహనం ఉందనో, ఇంకో ఆస్తి ఉందనో వేర్వేరు శాఖల జాబితాలు కలిపి చూశారు. ఒకే పేరున్న ఇద్దరు ఒక్కరైపోయిన సందర్భాలున్నాయి. ఇంటికి ముందుగా నోటీసు రాలేదు. షాపుకు పోయిన రోజు తెలిసింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సుమారు 19 లక్షల రద్దు కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమంది. రద్దయిన కార్డు కేసు చేతికొస్తే మొదట అడగాల్సింది కారణం కాగితం మీద ఇచ్చారా అని. చాలా కేసుల్లో ఆ కాగితమే ఉండదు. అదే మన మొదటి ఆధారం.

గింజ లేక కాదు

పక్కనే నల్లగొండ. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం గుట్టలు పడి ఉంటాయి. కృష్ణా నది తెలంగాణలోకి అడుగు పెట్టేదే నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర. అలాంటి చోట ఆకలికి వాననే కారణం చెప్పడం సులువు. నిజానికి వాన కారణాల్లో ఒకటి మాత్రమే, అది కూడా పెద్దది కాదు.

1943 బెంగాల్ కరువును లెక్కలతో పరిశీలించి అమర్త్య సేన్ చెప్పింది ఇదే. ఊళ్లో గింజ ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఆ గింజను తనది చేసుకునే దారి మనిషికి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. పండించుకోవడం, కూలి పైసలతో కొనుక్కోవడం, సర్కారు నుంచి హక్కుగా అందుకోవడం, ఈ దారులన్నీ ఒకేసారి మూసుకుపోతే నిండిన గోదాము ముందే మనిషి పస్తుంటాడు.

ఈ గడ్డకు అది కొత్త కాదు. 1940లలో నిజాం సర్కారు లెవీ గల్లా (రైతు తప్పక కొలవాల్సిన గింజ) వసూలు చేసేది. పంట ఎంత వచ్చిందన్నది కాదు, ఎకరాలెన్ని అన్నదే లెక్క. ఆ లెక్క రాసే పటేల్ పట్వారీలు దేశ్‌ముఖ్‌ల చెప్పుచేతల్లో ఉండేవాళ్లు. పెద్ద కమతాలు తప్పించుకుంటే చిన్న రైతు గాదె ఖాళీ అయ్యేది. ఆ రైతే వానాకాలం తిండికి, విత్తనానికి అదే దొరల దగ్గర నాగుకు గింజ తెచ్చి, పంట రాగానే తెచ్చినదానికి ఇంకో సగం కలిపి తిరిగి కొలిచేవాడు. నల్లగొండలో సంఘం (ఆంధ్ర మహాసభ) లేచింది వెట్టి మీదనే కాదు, ఈ లెవీ మీద కూడా. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగింది ఆ పోరులోనే.

నీళ్ల కథా అదే తీరు. రాజోలిబండ కాలువ అలంపూర్, గద్వాల వైపు 87,500 ఎకరాలకు పారాలని కట్టింది. చివరి ఆయకట్టు దశాబ్దాలు ఎండుతూనే వచ్చింది. శ్రీశైలం కింద కొల్లాపూర్ వైపు ఊళ్లకు ఊళ్లు మునిగాయి. నీళ్లకు భూమి ఇచ్చినవాళ్లు నీళ్ల కోసం చూస్తూ ఉండిపోయారు. 'పాలమూరు లేబర్' దేశమంతా ప్రాజెక్టుల మట్టి తవ్వింది ఆ ఏళ్లలోనే.

ఒక మాట స్పష్టంగా ఉండాలి. ఇప్పుడు ఇక్కడ ఉన్నది కరువు కాదు. అంతర్జాతీయంగా వాడే కొలతలో కరువు అనాలంటే కనీసం 20 శాతం ఇళ్లు తిండికి పూర్తిగా అల్లాడాలి, 30 శాతం పిల్లల్లో తీవ్ర పోషణ లోపం ఉండాలి, రోజుకు 10,000 మందిలో ఇద్దరు చనిపోతుండాలి. పాలమూరులో ఉన్నది ఏటా అదే నెలల్లో వచ్చే లోటు. అది ఏడాది పొడవునా ఉండదు కాబట్టే సర్వేలకు చిక్కదు.

మేస్త్రీ పైసలు, పని దినాలు

లోటు నెలలు ఆషాఢ, శ్రావణాలు. తెచ్చిన పైసలు విత్తనాలకు, ఎరువులకు పోతాయి, చేనులో ఇంకా ఏమీ ఉండదు. అప్పుడే కిరాణా ఖాతా పెరుగుతుంది. దసరా నాటికి ఆ ఖాతా తీర్చేది కూలీలను కూడేసి తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు. చెరుకు కోతలో అడ్వాన్సు మనిషికి కాదు, జోడీకి. మొగుడూ పెళ్లాం కలిసి ఒక జోడీ. ఒంటరి ఆడమనిషికి, భార్య లేని మగాడికి అడ్వాన్సు దొరకడం కష్టం. టన్నుల లెక్కన కూలి కట్టి, పనికి రాని రోజుకు కోత వేసి, చివరికి అడ్వాన్సులో తీరిందెంతో మేస్త్రీ నోటుబుక్కే చెబుతుంది. తీరనిది వచ్చే ఏటికి పోతుంది.

ఉపాధి హామీ ఉన్నా వలస ఎందుకు ఆగదని అందరూ అడుగుతారు. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ 2006 మొదటి విడత జిల్లాలే. జవాబు క్యాలెండర్‌లో ఉంది. ఇక్కడ ఉపాధి పనులు జోరుగా నడిచేది ఎండాకాలంలో, కిరాణా ఖాతా తీర్చాల్సిన దసరాకు కాదు. పైసలు పడేది పని అయిన వారాల తర్వాత. మేస్త్రీ పైసలు పనికి ముందే, ఒక్కసారే, అప్పు తీర్చాల్సిన వారంలోనే వస్తాయి. 2025 డిసెంబర్‌లో పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టం 125 రోజులు అంటోంది. కానీ విత్తు, కోత కాలాల్లో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపే వీలు కూడా పెట్టింది. మెట్ట భూముల్లో విత్తు కాలమంటే ఆకలి నెలలే. ఆ 60 రోజులు ఏ నెలల్లో ప్రకటిస్తారన్నదాన్ని బట్టి 125 అన్న అంకెకు ఈ తండాల్లో విలువ ఉంటుంది, ఉండదు.

సరిహద్దు దాటితే

ఇప్పుడు ఇల్లు రెండుగా చీలుతుంది. ముసలమ్మ, పిల్లలిద్దరు ఊళ్లో. వాళ్లకు నెలకు 20.7 కిలోలు కావాలి. చెరుకు తోటలో జోడీకి 32.4 కిలోలు. పోయేటప్పుడు 50 కిలోల బస్తా మోసుకెళ్తే ఇద్దరికి 46 రోజులు. నవంబర్ మొదట్లో దిగితే సంక్రాంతి రాకముందే అయిపోతుంది.

కార్డులో ఐదు పేర్లూ ఎక్కాయనే అనుకుందాం. ముసలమ్మ ఊళ్లో 30 కిలోలు ఎత్తితే 9 కిలోలు మిగులుతాయి. తోటలో జోడీకి సున్నా. మిగిలిన 9 కిలోలు పంపే దారి లేదు. కిలో 15కు అమ్మి, అక్కడ 45కు కొన్నారనుకుంటే నెలకు 270 రూపాయలు గాలికి పోయినట్టే. రేషన్ బియ్యం అమ్ముకుంటున్నారని పట్టుకుని కేసులు పెట్టేవాళ్లు ఈ లెక్క చూడరు. బియ్యం నచ్చక అమ్మినవాళ్లు ఉన్నారు, 2025 ఉగాదికి సన్నబియ్యం వచ్చాక అది తగ్గింది. తినే నోళ్లు వేరే రాష్ట్రంలో ఉండి అమ్మినవాళ్ల సంగతి సన్నబియ్యంతో తీరదు.

దీనికి మందుగా చెప్పేది ఒకే కార్డుతో దేశంలో ఎక్కడైనా కోటా ఎత్తుకునే 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు'. మొదట కలిపిన జంటల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి, 2019 ఆగస్టులో. 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ చేరాయి. నిబంధన ప్రకారం కోటాలో కొంత ఊళ్లో, కొంత పనిచోట ఎత్తుకోవచ్చు. ఇక్కడ నాలుగు చోట్ల తెగుతుంది.

మొదటిది ఇందాకటి రెండు రకాల కార్డులు. కేంద్ర కోటా కింద ఉన్న కార్డే రాష్ట్రం దాటుతుంది. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకు కోస్గిలో, హైదరాబాద్‌లో ఎక్కడైనా బియ్యం వస్తుంది, షోలాపూర్‌లో రాదు. రెండు కార్డులూ చూడటానికి ఒకటే. మేరా రాషన్ యాప్‌లో ఆధార్ నంబరు కొడితే వివరాలు రాకపోతే చాలామటుకు అది రాష్ట్ర కార్డే. తహసీల్దార్ కార్యాలయంలో ఖాయం చేసుకోవాలి. బండెక్కే ముందు ఈ ఒక్కటి చూసినా సగం గోస తప్పుతుంది.

రెండోది, కేంద్ర కార్డైనా బయట వచ్చేది 5 కిలోలే. రాష్ట్రం వేసే ఆరో కిలో సరిహద్దు దగ్గరే ఆగుతుంది. జోడీకి 12 కాదు, 10. అదీ షాపును బట్టి బియ్యం, గోధుమలు కలిపి.

మూడోది, ముసలమ్మ ఒకటో తారీఖున వేలు పెట్టి మొత్తం 30 ఎత్తేస్తే తోటలో మిగులు సున్నా చూపిస్తుంది. ముగ్గురి కోటా మాత్రమే కొట్టమని డీలర్‌కు ముందే చెప్పాలి. డీలర్‌కు ఇది తెలిసి ఉండదు, కొత్తగా అడిగితే విసుక్కుంటాడు కూడా. మండలంలో పౌర సరఫరాల సిబ్బందితో దసరా ముందే ఒక మాట చెప్పించుకోవడం మేలు.

నాలుగోది మనుషుల వ్యవహారం. చెరుకు కోత గుడిసెలు కొన్ని వారాలకోసారి ఊరు మారతాయి. అక్కడి షాపుకు వచ్చే సరుకు అక్కడి కార్డుల లెక్కన వస్తుంది. బయటివాళ్లకు ఇస్తే మా వాళ్లకు తక్కువ పడుతుందని డీలర్ అంటాడు. పల్లె షాపుల కన్నా ఫ్యాక్టరీ ఉన్న పట్నంలో పెద్ద షాపు నయం, అదీ నెల మొదటి వారంలో. నిరాకరిస్తే షాపు నంబరు, తేదీ రాసుకుని 14445కు ఫోన్ చేయాలి. షాపు నంబరు లేని ఫిర్యాదు ముందుకు కదలదు.

ఇదంతా చూశాక మా అంచనా: నాలుగు నెలలు ఒకేచోట ఉండే కట్టడం పని కుటుంబానికి కోటా చీల్చుకోవడం లాభం. ఊరూరూ తిరిగే చెరుకు జోడీకి ఊళ్లోనే మొత్తం ఎత్తి, దసరాకు ముందు రెండు నెలలు కొంత కొంత దాచి బస్తా పెద్దది చేసుకోవడమే నయం. 2025 జూన్‌లో మూడు నెలల కోటా ఒకేసారి ఇచ్చారు. వలస మండలాలకు అదే పని అక్టోబర్‌లో చేస్తే కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, గోదాము, లారీలు చాలు.

2020 లాక్‌డౌన్‌లో ఈ సరిహద్దు ఎంత గట్టిదో బయటపడింది. తెలంగాణ తన దగ్గర చిక్కుకున్న వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. అదే తెలంగాణ కార్డు జేబులో పెట్టుకున్న పాలమూరు మనిషి ముంబైలో ఎవరి లెక్కలోనూ లేడు.

వేలు, పిల్లలు

ముసలమ్మ వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. జీవితమంతా మట్టిపని చేసిన చేతులు. కొడుకు ఊళ్లో లేనప్పుడు ఆమె వేలు పడకపోతే ఇల్లంతటికీ ఆ నెల బియ్యం లేనట్టే. వరుసగా చేయాల్సినవి: చేతులు కడిగి తడి తుడిచి పది వేళ్లూ ప్రయత్నించడం, తర్వాత కంటిపాప యంత్రం, తర్వాత ఆధార్‌కు కలిపిన ఫోన్‌కు ఓటీపీ. ఆ ఫోన్ కొడుకు చేతిలో తోటలో ఉంటుంది, ఓటీపీ అక్కడికి పోతుంది. వెళ్లేముందే ఇంట్లో ఉండే ఫోన్ నంబరు ఆధార్‌కు కలపాలి, వేలిముద్రలు కొత్తగా తీయించాలి. ఆధార్ సరిపోలలేదన్న ఒక్క కారణంతో ఎవరికీ గింజ ఆపొద్దని కేంద్రం 2017 అక్టోబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. ఆ మాట నోటితో చెబితే షాపులో నడవదు, దరఖాస్తులో రాసి రశీదు తీసుకుంటే నడుస్తుంది. దరఖాస్తు పోవాల్సింది జిల్లా ఫిర్యాదుల అధికారి అయిన అదనపు కలెక్టర్‌కు. అక్కడ తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు.

ముసలమ్మ ఒంటరిగా మిగిలే ఇళ్లలో అంత్యోదయ కార్డు అడగాలి. దానికి మనుషుల లెక్క లేదు, ఇంటికి 35 కిలోలు.

పిల్లలు ఊళ్లో ఉంటే బడిలో మధ్యాహ్న భోజనం ఉంటుంది. వెంట పోతే అదీ పోతుంది. ఆరేళ్లలోపు బిడ్డ వెంట పోతే అంగన్‌వాడీ గుడ్డు, మూడేళ్లలోపైతే నెలకు రెండున్నర కిలోల బాలామృతం కూడా పోతాయి. చట్టం ప్రకారం ఏ ఊరి అంగన్‌వాడీ అయినా ఇవ్వాలి, కానీ తోట గట్టు మీద గుడిసెకు దగ్గర్లో అంగన్‌వాడీ ఉండాలి కదా. 11 ఏళ్ల బిడ్డ విషయంలో ఇంకో ప్రమాదం. అవ్వకు చేతకాకపోతే వంట, తమ్ముడి బాధ్యత ఆమె మీద పడి బడి మానేస్తుంది. వలస పోయేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ దసరా సెలవుల తర్వాత వెంటనే తెరిస్తేనే పనికొస్తుంది. డిసెంబర్‌లో తెరిచేసరికి పిల్లలు బండెక్కి ఉంటారు.

కేసు రాసుకునేటప్పుడు

ఆకలి సర్వే జనవరిలో చేస్తే తాళం వేసిన ఇళ్లు జాబితాలోంచి జారిపోతాయి. ఆగస్టులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి చేయాలి. రెండోసారి తాళం ఉన్న ఇంటిని 'అందుబాటులో లేరు' అని కాక 'వలస' అని రాయాలి. ఆకలిని కొలిచే ఎనిమిది ప్రశ్నల అంతర్జాతీయ ఫారం వాడితే కోడలిని విడిగా అడగాలి. అత్త ముందు, మొగుడి ముందు 'నువ్వు ఒక పూట మానేశావా' అంటే లేదనే జవాబు వస్తుంది. కార్డు మీది పేర్లు, వంట కుండలో తినే నోళ్లు, ఆ నెల ఊళ్లో ఉన్నవాళ్లు, ఈ మూడు సంఖ్యలు పక్కపక్కన రాయాలి. మన నమూనా ఇంట్లో అవి 2, 5, 3.

మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, ఎవరెవరు పోతున్నారు, ఏ ఫ్యాక్టరీ అన్నది పంచాయతీ కార్యదర్శి దగ్గర రాయించి పెట్టుకోవాలి. 1979 వలస కార్మికుల చట్టం ఐదుగురు, అంతకు మించి ఉంటే వర్తించేది, కొత్త కార్మిక కోడ్‌లో అది పదికి పెరిగింది. మూడు నాలుగు జోడీల చిన్న గుంపులు దాంతో జారిపోయే వీలుంది. అదే కోడ్ వలస కూలీ రేషన్ సొంత రాష్ట్రంలో కావాలో, పనిచేసే రాష్ట్రంలో కావాలో ఎంచుకునే పథకం పెట్టమని ప్రభుత్వాలకు చెబుతోంది. రాష్ట్ర కార్డుల చిక్కు మీద రాసే ప్రతి దరఖాస్తులో ఆ నిబంధనను పేర్కొనాలి. దరఖాస్తు సెప్టెంబర్‌లోగా పడాలి. నవంబర్‌లో వేస్తే విచారణకు వచ్చినవాళ్లకు ఇంటికి తాళమే కనిపిస్తుంది, 'దరఖాస్తుదారు స్థానికంగా లేరు' అని ఫైలు మూసేస్తారు.